కాలేజీ గేటు ఎవరి కొరకు?



కిందటి సంవత్సరం జూన్ నెలలో ఒక సాయంకాలం కోదాడ బస్టాండులో సూర్యాపేట బస్సు కొరకు నిలబడి ఉన్నాను. మా సంఘస్థురాలైన ఒక తల్లి దూరం నుండే నన్ను చూచి గబగబ వచ్చింది. వెనుక ఆమె కుమారుడు తల వంచుకొని నడుస్తున్నాడు. పందొమ్మిదేళ్ళ పిల్లవాడు. ఆమె చేతిసంచిలో నుండి ఒక రంగుల కాగితం తీసింది.

"అయ్యగారూ, మీరే కనబడ్డరు, మంచిదాయె. పిల్లగాడు ఇంటర్ రెండుసార్లు రాసిండు, రెండుసార్లు పోయింది. హైదరాబాదుల ఆర్నెల్ల కోర్సు ఉన్నదట. నలభై వేలు కడితే నౌకరు పక్కా అంటున్నరు. ఉన్న అర ఎకరం కుదువ పెడదామని తిరుగుతున్న. జర ప్రార్థన చేయుండ్రి" అన్నది.

ప్రార్థనకు ముందు ఆ కాగితం చూపించమన్నాను. అందుకు కారణం ఉంది. నాలుగు సంవత్సరాల క్రితం ఇటువంటి కాగితమే మరొక ఇంటివారు నా యొద్దకు తెచ్చారు. నేను చదువకుండానే "మంచి పని, పంపించండి" అన్నాను. వారు అప్పు తెచ్చి కట్టారు. ఆ అబ్బాయికి చివరికి దొరికినది బంగారు రంగు అంచు గల ఒక సర్టిఫికెట్. ఏ ఆఫీసులోను దానిని అంగీకరించలేదు. అప్పు మాత్రం రెండేళ్ళు తీర్చారు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆయన అనకపోవుటే నాకు ఇప్పటికీ బరువు.

అందుచేత ఈసారి నేను ఆ తల్లిని ఒక ప్రశ్న అడిగాను: "అమ్మా, ఈ కోదాడలోనే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉన్నది గదా. ఎన్నడైనా లోపలికి వెళ్ళి, మా పిల్లవానికి దారేమిటని అడిగావా?"

ఆమె నా ముఖం వింతగా చూచింది. "అది చదివేటోళ్ళది గదా అయ్యగారూ. మాసొంటోళ్ళకు ఆ గేటు కాడ ఏం పని?" అన్నది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. మన పన్నులతో కట్టిన కాలేజీ, మన ఊరి నడిబొడ్డున ఉన్న కాలేజీ, మన ఊరి తల్లికి పరాయిదిగా ఎందుకు తోచింది? తప్పు కాలేజీదా, మనదా? ఈ నెల మనం దీనిని గూర్చి ఆలోచిద్దాం.

ఈ తలంపు ఎక్కడ పుట్టింది?

కాలేజీ అనగానే మనకు మార్కులు, సీట్లు, ఎంపికలు జ్ఞాపకం వస్తాయి. అనగా కొందరిని తీసుకొని అనేకులను బయట నిలబెట్టే స్థలం. అయితే ఇందుకు భిన్నమైన కాలేజీలు కూడా లోకంలో ఉన్నాయి. 1901లో అమెరికా దేశంలో చికాగో నగరానికి దగ్గరనున్న జోలియెట్ అనే పట్టణంలో ఒక చిన్న ప్రయత్నం జరిగింది. అక్కడి హైస్కూలు ప్రిన్సిపాలు స్టాన్లీ బ్రౌన్, చికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ కలిసి ఆలోచించి, దూరం వెళ్ళలేని పిల్లలకు యూనివర్సిటీ మొదటి రెండేళ్ళ చదువు సొంత ఊరిలోనే చెప్పించారు. మొదట చేరినవారు ఆరుగురే! నేడు ఆ దేశంలో ఇటువంటి కాలేజీలు సుమారు వెయ్యి ఉన్నాయి. 1947లో ట్రూమన్ అధ్యక్షుడు నియమించిన కమిషన్ తన నివేదికలో వీటిని 'కమ్యూనిటీ కాలేజీ' అనే పేరుతో బలపరచింది. కమ్యూనిటీ అంటే కులం అని పొరబడకండి. చుట్టుపట్ల నివసించే జనసమాజం అని అర్థం. అక్కడ పగలు పని చేసి సాయంకాలం చదువుకొనే తల్లులుంటారు. నర్సు పని, కరెంటు పని, యంత్రాల మరమ్మతు నేర్చుకొనే యువకులుంటారు. నలభై ఏళ్ళ వయస్సులో మరల పుస్తకం పట్టిన వారూ ఉంటారు.

మన దేశంలో 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఇటువంటి కాలేజీని మొదట ప్రారంభించింది. మరుసటి సంవత్సరం, 1996లో, మద్రాసు-మైలాపూరు కతోలిక అగ్రపీఠం మద్రాసులో ఒకటి తెరచింది. ఫాదర్ జేవియర్ అల్ఫోన్స్ అనే జెస్విట్ గురువు ఈ పనిని ముందుండి నడిపించారు. ఇతర ప్రాంతాలలో ఇటువంటివి పెట్టదలచిన వారికి సహాయం చేయుటకు 1999లో చెన్నైలో ఒక కేంద్రం కూడా ఏర్పడింది. 2009లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం కమ్యూనిటీ కాలేజీల పథకం పెట్టింది గాని అది ఎంతో కాలం నిలువలేదు. తరువాత 2013లో కేంద్ర ప్రభుత్వం, ఉన్న కాలేజీలలోను పాలిటెక్నిక్‌లలోను ఇటువంటి విభాగాలు తెరిపించుటకు మరొక పథకం తెచ్చింది.

ఆ కాలేజీల పద్ధతి

పథకాలు వస్తాయి, పోతాయి. మనం నేర్చుకొనవలసినది పద్ధతి. మద్రాసులో మొదలైన ఆ కాలేజీల పద్ధతిలో నాలుగు సంగతులు గమనింపదగినవి.

మొదటిది, కోర్సు పెట్టక ముందు చుట్టూ తిరిగి చూస్తారు. ఈ పేటలో ఏ పనులున్నాయి? ఆసుపత్రులా, వర్క్‌షాపులా, కుట్టు పనులా? ఎవరికి మనుషులు కావాలి? ఇవి తెలుసుకొని, ఆ తరువాతనే ఏమి నేర్పాలో నిర్ణయిస్తారు.

రెండవది, బడి మానినవానిని, పరీక్ష తప్పినవానిని తోసివేయరు. అటువంటి వారి కొరకే ఆ కాలేజీ. ఫీజు తక్కువ, వయస్సు అడ్డు కాదు.

మూడవది, పనికంటె ముందు మనిషిని నిలబెడతారు. నలుగురిలో మాట్లాడుట, వేళకు వచ్చుట, కోపం అణచుకొనుట, కాస్త ఇంగ్లీషు, డబ్బు లెక్క వ్రాసుకొనుట - వీటిని 'జీవన నైపుణ్యాలు' అంటారు. రెండుసార్లు ఫెయిలైన పిల్లవానికి చేతిపని కంటె ముందు కావలసినది ధైర్యం. ఇది తలిదండ్రులైన మనకు తెలియనిది కాదు.

నాల్గవది, నేర్చిన పని నాలుగు గోడల మధ్యనే ఆగదు. కొంత కాలం నిజమైన ఆసుపత్రిలోనో, షాపులోనో, కర్మాగారంలోనో పని చేయాలి. అక్కడి యజమాని కూడా 'ఇతనికి పని వచ్చినది' అని చెప్పాలి.

ఇప్పుడు మన మూడు పట్టణాలవైపు తిరిగి చూద్దాం. బోర్డు మీద 'కమ్యూనిటీ కాలేజీ' అని వ్రాసి ఉండనక్కరలేదు. ఆ పని ఎక్కడైనా జరుగుచున్నదా అని చూడాలి.

మన నడుమనే ఉన్నవి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - ఈ మూడింటికి నడుమ గరిడేపల్లి మండలంలో గడ్డిపల్లి ఉంది. అక్కడి కృషి విజ్ఞాన కేంద్రం మన రైతులలో చాలామందికి తెలుసు. శ్రీ అరవిందో గ్రామీణాభివృద్ధి సంస్థ దానిని నడుపుచున్నది. మిర్యాలగూడ వైపు వారికి కంపాసాగర్‌లో మరొక కేంద్రం, వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నాయి. ఈ కృషి విజ్ఞాన కేంద్రాలు ఎలా పుట్టాయో వినండి. 1973లో మోహన్‌సింగ్ మెహతా అనే విద్యావేత్త అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. డిగ్రీ ఇవ్వని, పుస్తకం కంటె పొలాన్ని ఎక్కువగా వాడే పాఠశాల రైతుకు కావాలని ఆ కమిటీ చెప్పింది. 1974లో మొదటి కేంద్రం పాండిచ్చేరిలోనే వెలసింది. నేడు దేశంలో 700కు పైగా ఉన్నాయి. అక్కడ చేరుటకు మార్కుల మెమో అడుగరు. రైతు పొలంలోనే కొత్త వంగడం వేసి చూపిస్తారు. మట్టి పరీక్ష గూర్చి, ఎరువు మోతాదు గూర్చి చెప్తారు. గ్రామ యువకులకు, స్త్రీలకు ఉపాధి పనులలో శిక్షణ ఇస్తారు. మనవారు పురుగుల మందుల షాపువానిని అడుగుతారు గాని గడ్డిపల్లికి వెళ్ళి అడిగేవారు ఎందరు? మందు అమ్మేవాని సలహాకు, మందు అమ్మనివాని సలహాకు తేడా ఉండదా?

ఇక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు. సూర్యాపేటలో శ్రీ వెంకటేశ్వర, కోదాడలో కె.ఆర్.ఆర్., మిర్యాలగూడలో కె.ఎన్.ఎం. కాలేజీలున్నాయి. చుట్టుపట్ల పల్లెల నుండి బస్సులలో వచ్చి ఇటువంటి కాలేజీలలో చదివేవారిలో, తమ ఇంట మొదటిసారిగా డిగ్రీ మెట్టు ఎక్కినవారు ఎందరో! ఇదే ఒక పెద్ద సేవ. ఆడపిల్లను హైదరాబాదు హాస్టలుకు పంపుటకు భయపడే తండ్రి, సాయంకాలానికి ఇల్లు చేరే కాలేజీకైతే పంపుతాడు. కాలేజీ దగ్గరగా లేని ఊళ్ళలో పదవ తరగతి కాగానే పెండ్లి మాటలు మొదలవుట మనమందరం చూచినదే.

చదువు ఆగిపోయినవారికి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన తెలుగు నేలపైననే 1982లో స్థాపించబడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ లేనివారిని సైతం అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకొనుట ఆనాడు గొప్ప సంగతి. దాని అధ్యయన కేంద్రాలు సాధారణంగా డిగ్రీ కాలేజీలలోనే నడుస్తాయి. నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక కేంద్రానికి వెళ్ళి ఇప్పటివి అడిగి తెలుసుకోండి. అలాగే యస్.యస్.సి., ఇంటర్ మధ్యలో మానినవారికి ఓపెన్ స్కూలు ఉన్నది.

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. సార్వత్రిక విశ్వవిద్యాలయం తరగతులు ఎక్కువగా ఆదివారాలలో జరుగుతాయి. మా సంఘంలో ఒక సహోదరి, ఇద్దరు బిడ్డల తల్లి, డిగ్రీలో చేరి వరుసగా మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. నేను కొంచెం కఠినంగానే మాట్లాడాను. "అయ్యగారూ, నేను లోకం వెంబడి పోతలేను, బస్సు వెంబడి పోతున్న. ఎనిమిదింటి బస్సు తప్పితే క్లాసు పోతది" అన్నది. ఆ తరువాత మేము ఉదయం ఆరున్నరకు ఒక చిన్న ఆరాధన పెట్టుకున్నాం. మొదట ఆమె, ఆమె బిడ్డలు, నేను, మా ఇంటివారు - అంతే. ఇప్పుడు మిల్లు పనికి, ఆసుపత్రి పనికి వెళ్ళేవారు కూడా ఆ వేళకే వస్తున్నారు. సేవ చేయవలసిన వారి వేళకు మనం సర్దుకోవాలని ఆ సహోదరి నాకు నేర్పింది. కాలేజీకైనా ఇదే పాఠం.

కాలేజీ ఊరిలోకి వచ్చినప్పుడు

ఊరు కాలేజీకి వెళ్ళుట ఒకటి, కాలేజీ ఊరికి వచ్చుట మరొకటి. జాతీయ సేవా పథకం, అనగా ఎన్.ఎస్.ఎస్., గాంధీగారి శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైంది. ఇందులో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజులు ఒక పల్లెలో శిబిరం వేయాలి. మన పల్లెలలో కూడా ఈ శిబిరాలు జరుగుతాయి. పిల్లలు వస్తారు, మురికి కాలువ తీస్తారు, చెట్లు నాటుతారు, ఊరేగింపు చేస్తారు, వెళ్ళిపోతారు. చెట్లకు నీళ్ళు పోసేవారుండరు. తప్పు పిల్లలది కాదు. 'మీకేమి కావాలి?' అని కాలేజీ ఊరిని అడుగలేదు. 'మాకిది కావాలి' అని ఊరు కాలేజీకి చెప్పలేదు.

ఏమి అడుగవచ్చు? ఒక ఉదాహరణ చెప్తాను. నీళ్ళలోని ఫ్లోరైడు వలన మన ఉమ్మడి నల్లగొండ జిల్లా పడిన బాధ లోకమంతటికి తెలుసు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన కాళ్ళను, బిగుసుకొన్న నడుములను చూచినవారు మరువలేరు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ వారు రూపొందించగా, దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరే స్థిరపడింది. మన జిల్లా పేరు పాఠ్యపుస్తకాలలోకి ఎక్కినది రోగం వలన మాత్రమే కాదు, దాని పరిష్కారం వలన కూడా. ఇప్పుడు మిషన్ భగీరథ నీరు ఇండ్లకు వస్తున్నది. అయినను కొందరు పొలం దగ్గర బోరు నీళ్ళే తాగుతారు. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, వేరే నీరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకే. కెమిస్ట్రీ చదివే పిల్లలు సంవత్సరానికొకసారి ఊరి బోర్ల నీళ్ళు పరీక్షించి, ఏ బోరు నీరు తాగవచ్చో, ఏది తాగరాదో పంచాయితీ గోడ మీద వ్రాసిపెడితే ఎలా ఉంటుంది? పిల్లలకు పాఠం వంటబడుతుంది, ఊరికి ఆరోగ్యం దక్కుతుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు. అడిగేవారు కావాలి.

ఏ ఊరి పనికి ఆ ఊరి చదువు

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు వదిలారు. ఎడమ కాలువ క్రింద వరి పండింది, మిర్యాలగూడలో రైసు మిల్లులు లేచాయి. ఆ మిల్లులలో బాయిలరు చూచేవాడు, మోటారు బాగుచేసేవాడు, తేమ చూచి ధాన్యం దించుకొనేవాడు, జి.ఎస్.టి. లెక్కలు వ్రాసేవాడు కావాలి. కోదాడ, హుజూర్‌నగర్ దాటి మేళ్ళచెర్వు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియన్ పనులు అక్కడ ఎప్పుడూ ఉంటాయి. సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. 2019లో అక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. పెద్ద ఆసుపత్రి ఉన్న చోట ల్యాబు టెక్నీషియన్లు, నర్సులు, సహాయకులు కావాలి.

ఈ పనులన్నీ మన ముంగిట ఉండగా, మన పిల్లలు ఇంకెక్కడికో వెళ్ళి, ఏదో కోర్సుకు, ఎవరికో డబ్బు కడుతున్నారు. మిల్లు యజమాని, కాలేజీ ప్రిన్సిపాలు, సర్పంచు సంవత్సరానికి ఒక్కసారి ఒక బల్ల చుట్టూ కూర్చుంటే, 'వచ్చే ఏడు మాకు ఇటువంటి పనివారు ఇంతమంది కావాలి' అని ఒకరు, 'మేము నేర్పిస్తాం' అని ఒకరు, 'మా పిల్లలను పంపుతాం' అని ఒకరు అనుకొనవచ్చు గదా! కమ్యూనిటీ కాలేజీ అంటే చివరికి ఈ బల్లయే.

అయితే ఒక జాగ్రత్త. చిన్న పనివాని చదువు పేదవానికి, పెద్ద చదువు ధనవంతునికి అని విడదీయుటకు దీనిని వాడకూడదు. తెలివి, ఆసక్తి ఉన్న మన పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు, కలెక్టర్లు కావాలి. చేతిపని నేర్చినవానికి పై చదువు దారి మూసివేయరాదు. ఐ.టి.ఐ. తరువాత డిప్లొమాకు, డిప్లొమా తరువాత ఇంజనీరింగుకు వెళ్ళిన పిల్లలున్నారు. మెట్లు కనబడేటట్లు చూపించుట మన పని.

డబ్బు కట్టక ముందు

తలిదండ్రులారా, ఏ కాలేజీ కాగితం చేతికి వచ్చినా, సంతకం చేయక ముందు ఈ అయిదు ప్రశ్నలు అడగండి.

1. ఈ సర్టిఫికెట్ ఇచ్చేది ఏ బోర్డు, ఏ విశ్వవిద్యాలయం? దానికి గుర్తింపు ఉన్నట్లు వ్రాతపూర్వకంగా చూపగలరా?

2. పోయిన సంవత్సరం ఇక్కడ చదివినవారు ఇప్పుడెక్కడ పని చేస్తున్నారు? ఇద్దరితో నేను మాట్లాడవచ్చునా?

3. మొత్తం ఖర్చు ఎంత? ఫీజు, పరీక్ష ఫీజు, హాస్టలు, యూనిఫారం అన్నీ కలిపి?

4. మధ్యలో మానితే డబ్బు, అసలు సర్టిఫికెట్లు తిరిగి ఇస్తారా?

5. ఇదే చదువు మా పట్టణంలో ప్రభుత్వ కాలేజీలో గాని ఐ.టి.ఐ.లో గాని ఉన్నదా?

ఈ ప్రశ్నలకు కోపపడేవారి దగ్గర డబ్బు కట్టకండి. సంఘ పెద్దలు కూడా ఒక పని చేయవచ్చు. మే, జూన్ నెలలలో ఒక సాయంకాలం మందిరపు హాలులో ఊరివారినందరిని, ఏ మతస్థులైనను, పిలిచి, కాలేజీ లెక్చరరు ఒకరిని, ఐ.టి.ఐ. నుండి ఒకరిని రప్పించి మాట్లాడించండి. టీ ఖర్చు తప్ప మరేమీ కాదు.

ఆ తల్లి సంగతి

బస్టాండులో ఆ సాయంకాలం నేను సూర్యాపేట బస్సు వదులుకున్నాను. మరునాడు ఉదయం ముగ్గురం కలిసి కాలేజీకి వెళ్ళాం. గేటు దగ్గర ఆమె ఆగిపోయింది. చెప్పులు విడువాలా అని నన్ను అడిగింది. "వద్దమ్మా, ఇది నీదే" అన్నాను. లోపల ఒక లెక్చరరుగారు అర్ధగంట ఓపికగా మాట్లాడారు. పిల్లవానిని "నీకేమంటే ఇష్టం?" అని అడిగారు. వాడు నోరు తెరచి, "మోటర్లు సార్. ఊర్ల అందరియి నేనే ఇప్పి సూస్త" అన్నాడు. ఆ మాట వాని తల్లి కూడా అంత గట్టిగా విన్నది అదే మొదలేమో. పదవ తరగతి ప్యాసైన మెమోతోనే ప్రభుత్వ ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సుకు దరఖాస్తు పెట్టవచ్చునని, తప్పిన ఇంటర్ సబ్జెక్టులు ఓపెన్ స్కూలు ద్వారా పూర్తిచేసే దారి కూడా ఉన్నదని ఆయనే చెప్పారు.

వాడిప్పుడు రెండవ సంవత్సరంలో ఉన్నాడు. ఇంకా ఉద్యోగం రాలేదు. వస్తుందని నేను మాట ఇవ్వలేను. సెలవు రోజులలో ఊరి మోటార్లు బాగుచేసి నాలుగు రూపాయలు తెస్తున్నాడు. అర ఎకరం ఆమె పేరనే ఉన్నది, ఈ యేడు అందులో నాటు కూడా వేసింది.

మొన్న ఆమె ప్రక్క ఇంటి పిల్లను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. పదవ తరగతి ప్యాసైన పిల్ల. వాళ్ళ నాయన చదువు చాలనిపిస్తానంటున్నాడట. నేను చెప్పులు వేసుకొనబోగా ఆమె, "మీరు రావద్దు తియ్యండ్రి అయ్యగారూ. ఆ గేటు నాకెరికే. నేనే తోల్కపోత" అన్నది.